బస్సు ఎన్నింటికొస్తది, సర్పంచమ్మా?

నల్లగొండ జిల్లాలో కృష్ణపట్టె వైపున్న ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టొద్దని రాసినావిడ కోరారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో వాళ్ల ఊరు మహిళకు రిజర్వు కావడంతో భర్త నిలబడాల్సిన చోట ఆమె నిలబడ్డారు. అరవై ఒక్క ఓట్ల తేడాతో గెలిచారు. ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఆమె చెప్పింది ఒకే మాట: "మన బడిని మూతపడనియ్య." ఆ మాట ఎవరో రాసిచ్చింది కాదు. ఆమె ఐదో తరగతి దాకా చదివింది ఆ బడిలోనే. అప్పుడు నూట నలభై మంది పిల్లలుండేవాళ్లు. ఇప్పుడు పందొమ్మిది మంది. టీచర్లు ఇద్దరు, తరగతులు ఐదు. పొద్దున మూడు పసుపు బస్సులు వచ్చి తొంభై మందికి పైగా పిల్లల్ని పక్క పట్నానికి తీసుకుపోతాయి. ఆ బస్సుల్లో ఒకదానిలో ఆమె పిల్లలు కూడా ఉంటారు. బాబు ఎనిమిదో తరగతి, పాప రెండో తరగతి.

గెలిచాక పెట్టిన మొదటి గ్రామసభలో బడి సంగతి ఎత్తగానే వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "అది సరేగని సర్పంచమ్మా, మీ బిడ్డ బస్సు ఎన్నింటికొస్తది?" అని అడిగాడు. జనం నవ్వారు. ఆమె గొంతు పెగల్లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి, జూన్‌లో పాపను మన బడిలో వేద్దామని భర్తతో అన్నారు. "పదవి నీది. పిల్లలు మనిద్దరి వాళ్లు" అన్నాడాయన. అత్తగారైతే "పసిదాని చదువుతోటి రాజకీయం చేస్తవా" అని రెండు రోజులు మాట్లాడలేదు. మండల స్థాయి నాయకుడొకాయన ఫోన్ చేసి, "చిన్న బడులన్నీ కలిపేసుడే మంచిది, పెద్ద బడులు వస్తున్నయి, నువ్వు అడ్డం మాట్లాడకు" అన్నాడు. ఇంట్లో గొడవ ముదురుతుంటే తోడికోడలు, "అక్కా, మా చిన్నోడిని నర్సరీలో వేద్దామనుకున్నం. నువ్వంటే మన అంగన్‌వాడీకే పంపుత, నీ మాట దక్కుతది" అంది. చివరి పేజీలో ఒక మూలకు ఇంకో సంగతి ఉంది. గెలిచాక ఫీజు కట్టబోతే ప్రైవేటు బడి యజమాని, "సర్పంచ్ గారి పిల్లలకు ఫీజేంది" అని డబ్బు తీసుకోలేదట. భర్త సరేనని వచ్చేశాడట. "నేను అబద్ధాల మనిషినా అక్కా? మాట నిలబెట్టుకోవాల్నా, బిడ్డ చదువు చూసుకోవాల్నా?" అని ముగించారు.

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీరు అడిగిన ప్రశ్నకే జవాబు వెతికాను. మూడోసారి చదివేసరికి మీరు అడగకుండా ఒక మూలకు నెట్టేసిన సంగతి మీద కన్ను నిలిచింది. ఫీజు. అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

మీ పాప ఏ బడికి పోవాలన్నది మీ ఇంటి విషయం. ఊరికి నచ్చకపోవచ్చు, ఎత్తిపొడవొచ్చు, అయినా అది తప్పు కాదు. ఊరికే వచ్చే చదువు సంగతి వేరు. మీ ఉత్తరం రెండో పేజీలో, అదే యజమాని వచ్చే ఏడు మీ ఊరి రోడ్డు మీదే కొత్త బిల్డింగు కట్టాలని చూస్తున్నాడని రాశారు. ఫీజు సంగతి నాలుగో పేజీలో రాశారు. ఆ రెండింటినీ మీరు కలిపి చూడలేదు, చూడాలనిపించలేదేమో కూడా. రేపు ఆయన బిల్డింగు పర్మిషన్ కాగితం మీ పంచాయతీకి వస్తుంది. అప్పుడు మీరు నిజాయితీగానే సంతకం పెట్టినా, నిజాయితీగానే ఆపినా ఊరు నమ్మదు. సర్పంచ్ చట్టం లెక్కలో పబ్లిక్ సర్వెంటు. తన దగ్గర పని ఉన్న మనిషి నుంచి ఊరికే ఏదైనా పుచ్చుకుంటే అది మర్యాద కింద పోదు, అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఈ వారంలోనే ఇద్దరు పిల్లల ఫీజూ, బస్సు ఫీజూ మొత్తం కట్టి రశీదు తెచ్చుకోండి. ఆయన వద్దంటే బ్యాంకు ద్వారా పంపండి, కాగితం మిగులుతుంది. మీ ఆయనతో దీన్ని మాటిచ్చిన విషయంగా కాకుండా ఇంటి పరువుగా మాట్లాడండి. మగవాళ్లకు ఆ భాష తొందరగా ఎక్కుతుంది, ఇక్కడ అది నిజం కూడా. గ్రామసభలో మీ గొంతు పెగలకపోవడానికి సగం కారణం ఈ బాకీయే అని నాకనిపిస్తోంది. పెద్దాయన అడిగింది బస్సు గురించే. మీకు మాత్రం లోపల వేరే ప్రశ్న వినపడింది.

ఇక మీరు ఇచ్చిన మాట. దాన్ని మీరు రాసినట్టే మళ్లీ చదువుకోండి: "మన బడిని మూతపడనియ్య." "నా పిల్లల్ని ఈ బడిలోనే చదివిస్త" అని మీరు ఎక్కడా అనలేదు. పెద్దాయన ఆ రెండింటినీ ఒకటి చేశాడు, మీరూ ఒప్పేసుకున్నారు. ఊరికి మీరు బాకీ పడింది నడిచే బడి. పాపకు మీరు బాకీ పడింది మంచి చదువు. ఈ రెండు బాకీలూ ఒకే డబ్బుతో తీరిపోతే అంతకంటే కావాల్సిందేముంది! తీరకపోతే వేర్వేరుగానే తీర్చాలి. ఒకటి తీర్చడానికి ఇంకోదాన్ని తాకట్టు పెట్టకండి.

ఊరి వైపు న్యాయం లేదని మాత్రం నేననను. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఇదే మాట అంది. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లూ, ప్రజాప్రతినిధులూ తమ పిల్లల్ని సర్కారు బడుల్లోనే చదివించేలా చూడమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పెద్దవాళ్ల పిల్లలు అక్కడ కూర్చుంటే తప్ప ఆ బడుల కప్పు కారడం ఆగదన్నది దాని వెనకున్న తర్కం. ఆ ఆదేశం అమలు కాలేదు. తర్కం మాత్రం ఎక్కడికీ పోలేదు, మీ గ్రామసభలో లేచి నిలబడింది అదే. కాబట్టి ఆ పెద్దాయన మీద కోపం పెట్టుకోకండి. ఆయన మనవలు ఏ బడిలో ఉన్నారో కనుక్కున్నారా? ఆ పందొమ్మిది మందిలో ఉంటే ఆయనే మీకు మొదటి తోడు.

నేనూ ఆ ప్రశ్న ఎదుర్కొన్నదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నాది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా. మక్తల్ వైపు ఒక ఊళ్లో సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసేదాన్ని. అక్కడ పిల్లల్ని తీసుకుపోయే బస్సు వేరు. దసరా దాటితే కూలిపనులకు తీసుకుపోయే ముంబై బస్సు రాత్రిపూట వచ్చేది, కూలీల మేస్త్రీ పేర్లు పిలిచేవాడు, తల్లిదండ్రులతో పాటు పిల్లలు కూడా మూటల మధ్య కూర్చుని వెళ్లిపోయేవాళ్లు. తెల్లారితే నా హాజరు పట్టీలో నలభై ఎనిమిది ఇరవై అయ్యేది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఉన్నది మా జిల్లాలోనే. అందుకు కారణాలు వెతకడానికి నేను లైబ్రరీకి పోనక్కర్లేదు, నా పట్టీ చాలు. అంత తెలిసిన నేను, నా కొడుకును మాత్రం మహబూబ్‌నగర్ పట్నంలో కాన్వెంటులో వేశాను.

వాడు మూడో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఒక సాయంత్రం వాడి ఇంగ్లీషు నోట్సు తిప్పుతున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి పేజీకీ ఎర్ర సిరాతో టిక్కు, కింద సంతకం. సంతోషమేసింది. ఊరికే, పక్కనున్న ఆదివారం అనుబంధం తీసి పిల్లల పేజీలో ఒక చిన్న తెలుగు కథ చదవమన్నాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాడు. ఇంగ్లీషు పాఠం పుస్తకం మూసి, అందులోంచే ఒక వాక్యాన్ని కాగితం మీద కొంచెం మార్చి రాసి చదవమంటే, పాఠంలో ఉన్నట్టే అప్పజెప్పాడు. కాగితం మీద ఉన్నది చదవలేదు. వాడు చదవడం నేర్చుకోలేదు, గుర్తుపెట్టుకోవడం నేర్చుకున్నాడు.

మర్నాడు నా బడికి పోయి, అదే పరీక్ష నా మూడో తరగతికి పెట్టాను. పెద్ద తేడా లేదు. నేను చెప్పింది అందరూ కలిసి గట్టిగా అనేవాళ్లు, ఆ అరుపులో ఎవరికి వచ్చో ఎవరికి రాదో నాకు తెలిసేది కాదు. ఆ రోజు నుంచి ప్రతి పిల్లా విడిగా నా పక్కన నిలబడి ఒక కొత్త వాక్యం చదివేది. నలభై నిమిషాలు పట్టేది. కొడుకును కాన్వెంటు మాన్పించలేదు, అది నిజం. కానీ వాడికి ఇంట్లో ఏం చేశానో అదే బడిలో చేశాను, బడిలో ఏం పనిచేసిందో అదే ఇంట్లో చేశాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీరూ మీ ఆయనా అత్తగారూ ముగ్గురూ వాదించుకుంటున్నది బడి బోర్డుల గురించి. పాప గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఈ ఆదివారం రెండో తరగతి తెలుగు వాచకం ఒకటి హెడ్‌మాస్టరు దగ్గర అడిగి తెచ్చుకోండి. పాప ఇంతకుముందు చూడని పేజీ తీసి చదివించండి. తర్వాత దశకం తీసుకోవాల్సిన తీసివేత లెక్క ఒకటి ఇవ్వండి, ఇంగ్లీషులో నాలుగు చిన్న వాక్యాలు ఇవ్వండి. మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, మీరిద్దరూ నోరు మెదపకండి. ఇరవై నిమిషాల తర్వాత మీ ఇంట్లో గొడవ వేరే రకంగా ఉంటుంది. పాప చక్కగా చదివితే మీ ఆయన మాటలో బలముందని ఒప్పుకోండి. తడబడితే, ఏడాదికి ఇన్ని వేలు పోసి, పొద్దున్నే లేపి బస్సెక్కించి కొనుక్కుంటున్నదేమిటని ఆయనే ఆలోచిస్తాడు.

పాపను మీ ఊరి బడిలో వేస్తే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడుపుతున్నారంటే ఒకటి, రెండు ఒక గదిలో, మూడు, నాలుగు, ఐదు ఇంకో గదిలో ఉంటాయి. ఒకరు మీటింగుకో సెలవు మీదో పోతే ఆ రోజు బడి మొత్తం ఒక్కరి చేతిలో. అందులో లాభం లేకపోలేదు. పందొమ్మిది మందికి ఇద్దరు టీచర్లంటే ప్రతి పిల్ల పేరూ, ఎక్కడ తడబడుతుందో వాళ్లకు తెలిసి తీరాలి. ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒక టీచరన్నది విద్యాహక్కు చట్టం లెక్క, మీకు అంతకంటే మెరుగ్గానే ఉంది. ఇంగ్లీషు మీడియం లేదన్న బెంగ కూడా అక్కర్లేదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషూ, దానికెదురుగా అదే పాఠం తెలుగులో ఉండే పుస్తకాలిస్తున్నారు. నన్నడిగితే, ఇంగ్లీషు రాని తల్లి కూడా పక్కన కూర్చుని చెప్పగలిగిన పుస్తకాలవి. మీ అత్తగారికి ఒకటి చూపించండి.

కష్టం ఇంకోచోట ఉంది. మీ పాప అక్కడ మామూలు పిల్లగా ఉండలేదు. సర్పంచ్ బిడ్డని టీచరు కొట్టడు, తిట్టడు సరే, తప్పు దిద్దడానికి కూడా జంకవచ్చు. ఊరంతా ఆ పిల్ల నోట్సు వైపే చూస్తుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఏడాది తిరక్కుండానే మీరు మనసు మార్చుకోవడం. సర్పంచే వేసి సర్పంచే టీసీ తీసుకుపోయిందంటే ఆ బడికి మళ్లీ ఎవరూ రారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు అక్కడే పూర్తి చేయిస్తానన్న ధైర్యం మీకూ మీ ఆయనకూ ఇద్దరికీ ఉంటేనే ఆ అడుగు వేయండి. ఆయన ఊళ్లో లేనప్పుడు, ఆయనకు చెప్పకుండా చేయడం మాత్రం వద్దు. "పిల్లలు మనిద్దరి వాళ్లు" అన్న ఆయన మాట న్యాయమైనదే. ఇక బాబు సంగతి అసలు రాదు. మీ ఊళ్లో ఉన్నది ప్రాథమిక బడి, వాడు ఎనిమిదో తరగతి. ఎవరైనా వాణ్ని కూడా కలిపి మాట్లాడితే ఇదే చెప్పండి.

పాపను మార్చకూడదని నిర్ణయించుకుంటే, దాచకండి. వచ్చే గ్రామసభలో మీరే ముందు ఎత్తండి. "తాతా, బస్సు ఏడూ నలభైకి వస్తది. నా బిడ్డ అందుల పోతది. మా ఇంట్ల ఇంకా ఒప్పుకోలే. ఫీజు కడుతున్న, రశీదు ఉన్నది. కానీ మన బడిల ఉన్న పందొమ్మిది మంది పిల్లలకు ఏం కావాల్నో నేను చూస్త, చేయకపోతే అడుగుండ్రి" అని మీ మాటల్లో చెప్పండి. దీనికీ ధర ఉంటుంది. ఆ తర్వాత జూన్‌లో బడిబాటకు ఇల్లిల్లూ తిరిగి "మీ పిల్లల్ని మన బడికి పంపుండ్రి" అని అడిగే హక్కు మీకుండదు. ఆ పని వేరేవాళ్లు చేయాలి. ఉన్న పిల్లల తరఫున గట్టిగా అడిగే హక్కు మాత్రం మీకు నిండుగా ఉంటుంది. నిజం చెప్పాలంటే మీ బడికి ఇప్పుడు ఎక్కువ కావాల్సింది అదే. కొత్తవాళ్లు రాకముందు, ఉన్నవాళ్లు పోకుండా చూడాలి.

తోడికోడలు కొడుకు విషయంలో మాత్రం నేను సలహాగా కాదు, బతిమాలి చెబుతున్నాను. ఆ అమ్మాయి ఎంత ప్రేమతో అన్నా, మీ మాట దక్కించుకోవడానికి ఆమె బిడ్డను వాడుకోకండి. చిన్న కోడలు ఆమె. ఇంట్లో గొడవ చల్లారాలని అలా అంది. రేపు వాడు చదువులో వెనకబడితే ఆమె మీతో ఏమీ అనలేదు, మరిచిపోనూ లేదు. మీ మాటను మీ పిల్లలతో నిలబెట్టండి, లేదా మీ పనితో నిలబెట్టండి. అంగన్‌వాడీ నిజంగా బాగుందని ఆమే స్వయంగా పోయి చూసి, వారం రోజులు కూర్చుని, పంపాలనుకుంటే అది వేరే సంగతి.

అయితే ఆమె తెలియకుండానే అసలు చోట వేలు పెట్టింది. మీ ఊరి బడి ఒకటో తరగతిలో ఖాళీ కాలేదు, మూడేళ్ల వయసులో ఖాళీ అయింది. ప్రైవేటు వాళ్లు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పెట్టి మూడేళ్లకే బస్సెక్కిస్తారు. సర్కారు బడి ఐదు దాటాక ఒకటో తరగతితో మొదలవుతుంది. అప్పటికి పిల్లకు ఆ బస్సూ, ఆ టై, ఆ స్నేహితులూ అలవాటై ఉంటారు. ఏ తల్లి దింపుతుంది? బస్సులో ఉన్న తొంభై మందిని దింపడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. ఇంకా బస్సెక్కని మూడేళ్ల పిల్లలు మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. పది మంది ఉంటారేమో. మీ పదవీకాలం ఐదేళ్లు, వాళ్లు రెండో తరగతికి వచ్చేదాకా మీరే సర్పంచ్. 2025-26లో రాష్ట్రంలో కొన్ని సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. మీ బడికి కూడా కావాలని పంచాయతీ తీర్మానం చేసి, మండల విద్యాధికారి (ఎంఈవో) ద్వారా పైకి పంపండి. వస్తుందని నేను హామీ ఇవ్వలేను. తీర్మానం లేకపోతే రానే రాదు. వచ్చేలోగా అంగన్‌వాడీని బడి ఆవరణలోకి మార్చడానికి గది ఉందేమో చూడండి. పందొమ్మిది మంది ఉన్న బడిలో ఒక గది ఖాళీగానే ఉండి ఉంటుంది, పాత బెంచీలు పేర్చి.

సర్పంచ్‌గా మీ చేతిలో ఏముందో, ఏం లేదో కూడా తేల్చుకోండి, లేకపోతే చేయలేనిదానికి కుమిలిపోతారు. టీచర్ని వేయడం, బదిలీ చేయడం మీ పని కాదు. బడి మరమ్మతులూ యూనిఫాం కుట్టించడం లాంటివి 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతికి వచ్చాయి. గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు దానికి పెద్ద, హెడ్‌మాస్టరు కన్వీనరు. మీరు ఆ కుర్చీలోకి దూరకండి. ఆమెను కలుపుకోండి. నీళ్లు, మరుగుదొడ్డి శుభ్రం, బడి ముందు బురద, ప్రహరీ పక్కన చెత్తకుప్ప, ఇవన్నీ పంచాయతీ ఈ నెలలోనే చేయగలిగినవి. టీచర్ని మాటిమాటికీ వేరే పనులకు పిలుస్తుంటే, జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. మీ టీచరు నెలలో ఎన్ని రోజులు బడి బయట ఉన్నారో తేదీలు రాసి, లెటర్‌హెడ్ మీద జిల్లా విద్యాధికారికి (డీఈవో) పంపండి. వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో ఉన్న ఇద్దరిలో ఒకర్ని ఇంకో బడికి పంపే ఆలోచన చేస్తే కూడా ఆ కాగితం పనికొస్తుంది.

ఇప్పుడు మీ నాయకుడి ఫోన్. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. మీరు ఏ కండువా వేసుకుని తిరిగినా, ఓటు పడింది మీ పేరు మీద. ఆయన లైను మీరు మోయాల్సిన అవసరం చట్టప్రకారం లేదు. మోయకపోతే పనుల దగ్గర, నిధుల దగ్గర ఇబ్బంది పెట్టవచ్చు, అది కూడా తెలిసే నిర్ణయించుకోండి.

కానీ ఆయన మాటను కొట్టిపారేయకండి, అందులో సగం నిజం ఉంది. మన ప్రాంతం నాయకులు చదువు గురించి ఆలోచించిన తీరు చూడండి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అప్పటి మన నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టించారు. దేశంలో అలాంటి బడుల్లో అదే మొదటిది. పల్లెల్లో తెలివైన బీద పిల్లల్ని ఒకచోట చేర్చి చదివించాలన్న ఆలోచన అది. కేంద్రంలో విద్య చూసినప్పుడు నవోదయలు కూడా ఆ దారిలోనే వచ్చాయి. 2022 మార్చిలో కేసీఆర్ వనపర్తిలో 'మన ఊరు-మన బడి' ప్రారంభించారు. అది కట్టడాల మీద, వసతుల మీద పెట్టిన దృష్టి. ఆయన హయాంలోనే గురుకులాలు కూడా బాగా పెరిగాయి. కొండారెడ్డిపల్లి నుంచి వచ్చిన రేవంత్ రెడ్డి 2024 అక్టోబరులో షాద్‌నగర్ దగ్గర కొందుర్గులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపన చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలంతా ఒకే ఆవరణలో చదవాలంటున్నారు. ముగ్గురూ ముగ్గురే, పార్టీలు వేరు, కాలాలు వేరు. గురుకులాల వల్ల బాగుపడ్డ కుటుంబాలు నాకు వందల్లో తెలుసు. నా శిష్యురాలొకతె ఇవాళ నర్సు, గురుకులం లేకపోతే ముంబై బస్సెక్కేదే.

అయితే గురుకులంలో ప్రవేశం ఐదో తరగతితో, నవోదయలో ఆరో తరగతితో మొదలవుతుంది. ప్రవేశ పరీక్ష రాసి రావాలి. ఆ పరీక్ష రాసే పిల్ల అంతకుముందు నాలుగేళ్లు ఎక్కడ చదవాలి? మీ ఊరి బడిలోనే. అక్కడ చదవడం రాకపోతే ఎంత పెద్ద గురుకులం కట్టినా ఆ పిల్లకు దాని గేటు కనపడదు. మీ నాయకుడితో వాదన పెట్టుకోకుండా ఈ మాట చెప్పి చూడండి. "మీ పెద్ద బడులకు పిల్లలు కావాల్నా, వద్దా? కావాలంటే నా చిన్న బడి ఉండాలె" అనండి. కలిపేసే మాటే ఖాయమైతే, ఏ ఊరి బడిలో కలుపుతున్నారు, ఎంత దూరం, ఐదేళ్ల పిల్ల ఎలా పోతుంది, బండి ఎవరు పెడతారు అని రాతపూర్వకంగా అడగండి. ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలన్నది నిబంధన. తరగతికో టీచరున్న బడి, పిల్లల్ని తీసుకుపోయి తీసుకొచ్చే బండి, రెండూ నిజంగా ఇస్తే కలపడం వల్ల ఆ పందొమ్మిది మందికి మేలు జరగవచ్చు, అప్పుడు మీరు పట్టుదలకు పోవద్దు. బండి లేకుండా కలిపితే మాత్రం ముందు మానేసేది ఆడపిల్లలే. అది నేను నా పట్టీలో చూశాను.

మీరు అబద్ధాల మనిషి కాదు చెల్లెమ్మా. అబద్ధాల మనిషికి గ్రామసభలో గొంతు పెగలకపోవడం ఉండదు, ఏదో ఒకటి చెప్పి జనాన్ని ఇంకాస్త నవ్విస్తుంది.

బళ్లు జూన్ 12న తెరుస్తారు. పాప సంగతి ఏది తేల్చుకున్నా మే నెలాఖరులోగా తేల్చుకోండి, నడి సంవత్సరంలో మార్చకండి. తేల్చుకోకముందు ఒక పొద్దున పాపను వెంటబెట్టుకుని మీ బడికి పోండి. సర్పంచ్‌గా కాకుండా, ముందు చెప్పకుండా, పదిన్నరకు. వెనక బెంచీ మీద ఇద్దరూ కూర్చోండి, మధ్యాహ్నం అక్కడే పిల్లలతో అన్నం తినండి. ఇంటికొచ్చే దారిలో ఆ పిల్ల ఏమంటుందో విని, నాకు మళ్లీ రాయండి. ఫీజు రశీదు సంగతి కూడా రాయండి.